తలకిందులైన నేల

ఇంకో మొద్దు వెయ్యిరా చిన్నోడా, ఆ పొయ్యిలో. ఎర్రగమ్ము కట్టె అది, రాజుకోవడానికి మొండికేస్తుంది గానీ ఒకసారి రాజుకుందంటే తెల్లవార్లూ వేడి పోదు. బెండిగోలో జులై చలి మామూలు చలా? పొద్దున లేచి చూస్తే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు. పాపా, ఆ దుప్పటి నీ కాళ్ల మీదికి లాక్కో. కథ చెప్పమని సాయంత్రం నుంచీ అడుగుతున్నారు కదా, చెప్తాను. రాజుల కథ కాదు, రాక్షసుల కథ కాదు. మీరు రోజూ బడికి పోయే ఈ ఊరి కథే. ఇందులో మన కథ కూడా కొంత కలిసి ఉంది.

నేను ఈ ఊరికి వచ్చింది 1975లో, లెక్కల మాస్టరుగా. తెల్లవాళ్లకు తప్ప ఈ దేశంలోకి దారి లేదన్న పాత పద్ధతిని ప్రభుత్వం 1973లో పూర్తిగా ఎత్తేసింది, ఆ తలుపు తెరిచిన కొత్తలోనే నేను వచ్చినాను. రైలు దిగి నడుస్తా ఉంటే ఊరి మధ్యలో, ఇళ్ల కప్పుల పైన, ఒక ఇనుప గోపురం కనపడింది. నాలుగు కాళ్లు, పైన రెండు చక్రాలు. పెట్టె కింద పెట్టి అక్కడే నిలబడిపోయినాను. ఎందుకంటే నేను పుట్టి పెరిగిన ఊళ్లో కూడా అదే గోపురం, అవే చక్రాలు. గని షాఫ్టు మీద నిలబెట్టేది అది. ఆ చక్రాల మీద తాడు పోతుంది, ఆ తాడుకు కేజి అనే ఇనుప బోను వేలాడుతుంది, ఆ కేజిలో మనుషులు పాతాళానికి దిగుతారు.

మీ ముత్తాత, అంటే మా నాయన, కోలారు బంగారు గనుల్లో ముప్ఫై ఏళ్లు కిందికి దిగినాడు. మా పెద్దోళ్లది పలమనేరు పక్క పల్లె. కరువు వచ్చినప్పుడు కూలి వెతుక్కుంటా కోలారుకు పోయినారు. అక్కడ తెలుగోళ్లు, తమిళోళ్లు, కన్నడమోళ్లు అందరూ ఒకే లైన్లలో కాపురం. తట్టి ఇళ్లు అనేవాళ్లం, వెదురు తడికెల గోడలు. గని పెద్దను కెప్టెన్ అనేవాళ్లు. ఆ మాట ఎక్కడిదో నాకు ఇక్కడికి వచ్చినాక తెలిసింది. ఇంగ్లండు నైరుతి మూలన కార్న్‌వాల్ అని ఒక సీమ ఉంది, అక్కడ తగరం గనులు. ఆ గనులు మూతపడేకొద్దీ అక్కడి పనివాళ్లు ప్రపంచమంతా చెదిరిపోయినారు. కొందరు కోలారుకు వచ్చినారు, ఇంకెంతోమంది బెండిగోకు వచ్చినారు. గని పెద్దను కెప్టెన్ అనడం వాళ్ల సీమ అలవాటు. అంటే నేను ఏడు సముద్రాలు దాటి వచ్చి, మా ఊరి మేనమామల ఊళ్లో దిగినట్టు అయింది.

కథ బంగారం దగ్గర మొదలు పెట్టకూడదు. బంగారం కన్నా ముందు ఈ నేలకు మనుషులున్నారు. జాజా వురుంగ్ వాళ్లు. తమను తాము జారా అని చెప్పుకుంటారు. ఈ వాగు ఒడ్డున, ఈ ఐరన్‌బార్క్ చెట్ల అడవుల్లో ఎన్ని వేల ఏళ్లుగా ఉన్నారో. 1840 ప్రాంతంలో గొర్రెల మందలతో తెల్లవాళ్లు వచ్చినారు, నీళ్లు గొర్రెలవైనాయి, గడ్డి గొర్రెలదైంది. పదేళ్లు తిరిగేసరికి బంగారం బయటపడింది. అప్పుడు నేలనే తిరగేసినారు. వాగు మట్టిని గుర్రాలు కట్టిన గుండ్రటి తొట్లలో కలిపి కడిగి, ఆ బురదంతా మళ్లీ వాగులోకే వదిలినారు. బురద పల్లమంతా పొర్లి పొలాలు, దారులు పూడిపోతే దాని మీద ప్రభుత్వం 1850ల చివర్లో విచారణ సంఘాన్ని వెయ్యాల్సి వచ్చింది. అడవిని నరికి షాఫ్టుల్లో దన్నుకట్టెలుగా దింపినారు, మిగిలింది బాయిలర్లకు పెట్టినారు. జారా వాళ్లు ఈ నేలను తలకిందులైన దేశం అంటారు. ఆ మాట విన్నప్పుడు నాకు వెన్నులో జలదరించింది. లోపల ఉండాల్సింది పైకి వచ్చి, పైన ఉండాల్సింది లోపలికి పోయింది కదా. కోలారులో మా లైన్ల వెనక సైనైడు దిబ్బలు కొండల్లా ఉండేవి, గాలి తోలితే ఆ దుమ్ము అన్నంలో పడేది. మాకు ఆ దృశ్యం తెలుసు, దానికి పేరు పెట్టడం తెలీలేదు. జారా వాళ్లు పెట్టినారు. 2013లో విక్టోరియా ప్రభుత్వం వాళ్లతో ఒప్పందం రాసుకుని, ఈ నేలకు అసలు హక్కుదారులు వాళ్లేనని ఒప్పుకుంది. నూట అరవై ఏళ్లకు పైగా పట్టింది ఆ ఒక్క మాట కాగితం మీదికి రావడానికి.

బంగారం ముందు చూసింది ఎవరని అడుగుతావేమో. గోల్డెన్ స్క్వేర్‌లో ఒక స్తంభం చూపించినాను కదా పాపా, దాని మీద ఇద్దరు ఆడవాళ్ల ముచ్చట ఉంది. గొర్రెల కొట్టంలో పనిచేసేవాళ్ల భార్యలు, కెనడీ గారి భార్య, ఫారెల్ గారి భార్య. 1851లో వాగు దగ్గర చేతికి దొరికిన వంటగిన్నెతోనే మట్టి కడిగి బంగారం తీసినారని చెప్తారు. ముందు చూసింది మేమంటే మేమని తర్వాత డజను మంది దాకా పోటీకి వచ్చినారు. 1890లో దాని మీద కమిటీ వేస్తే, చోటు ఏదో తేల్చగలిగింది గానీ మనిషి ఎవరో తేల్చలేకపోయింది. నా మట్టుకు నేను ఆ ఇద్దరమ్మల పక్షమే. ఇంటి నీళ్లకు వాగుకు పోయేది ఎవరు? ఇసుకలో మెరిసేది ముందు వాళ్ల కళ్లకే కనపడుతుంది.

ఊరి పేరు సంగతి ఇంకా చిత్రం. ఇంగ్లండులో విలియం థాంప్సన్ అని ఒక ముష్టియుద్ధ వీరుడు ఉండేవాడు, బైబిల్లోని అబెద్నెగో పేరు మీద వాడి ముద్దుపేరు బెండిగో. ఇక్కడి గొర్రెలకాపరి ఒకడు కొట్లాటల్లో గట్టివాడట, అందుకని వాడినీ బెండిగో అన్నారు, వాడు మసలే వాగు బెండిగో వాగైంది. దొరలకు అది మర్యాదగా తోచక శాండ్‌హర్స్ట్ అని పెద్ద పేరు పెట్టినారు. జనం నోట్లో అది ఎప్పుడూ నాన లేదు. 1891లో ఊరివాళ్లను ఓటు అడిగితే పాత పేరే కావాలన్నారు. చూడు, ఇంత పెద్ద నగరం ఒక గొర్రెలకాపరి పేరు మోస్తోంది.

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్తాను. బంగారం తవ్వాలంటే నెలకు 30 షిల్లింగుల లైసెన్సు కట్టాలి. దొరికినా కట్టాలి, దొరక్కపోయినా కట్టాలి. కట్టినవాడికి ఓటు లేదు, సొంతానికి గజం నేల లేదు. లైసెన్సు చూపించమని తుపాకులు పట్టుకుని గుడారాల మీద పడేవాళ్లు. 1853లో ఇక్కడి వాళ్లు ఒక అర్జీ రాసినారు. అర్జీ అంటే ఒక కాగితం అనుకునేరు. సంతకాల కాగితాలను ఒకదానికొకటి చేర్చి, ఆకుపచ్చ పట్టు గుడ్డతో అంచు కట్టి చేసిన చుట్ట అది, పొడుగు 13 మీటర్లు. మన వీధి గుమ్మం నుంచి పెరటి కంచె దాకా పరిచినా ఇంకా మిగుల్తుంది. ఇప్పటికీ దాని మీద 5,000కు పైగా సంతకాలు ఉన్నాయి. ఒక వైద్యుడు ఎక్కడో దాన్ని చూసి, కొని, మెల్బోర్న్‌లో రాష్ట్ర గ్రంథాలయానికి ఇచ్చినాడు, అందుకే మిగిలింది. నేను ఒకసారి దాని పటాలు దగ్గరగా చూసినాను. కొన్ని పేర్లు ముత్యాల్లా ఉన్నాయి, కొన్ని చెయ్యి వణికినట్టు ఉన్నాయి. పలుగు పట్టి పట్టి కాయలు కాసిన చేతికి కలం పట్టుకోవడం కష్టం కదా.

గవర్నరు లాట్రోబ్ అర్జీ తీసుకున్నాడు, అడిగింది ఇవ్వలేదు. ఆగస్టు నెలాఖరుకు బెండిగో అంతా టోపీలకు ఎర్ర రిబ్బను కట్టుకుంది. నెలకు 10 షిల్లింగులు ఇస్తాం, అంతకు మించి ఇవ్వమని దానికి అర్థం. వేలమంది జెండా పట్టుకుని నడిచినారు, ఒక్క తుపాకీ పేలలేదు, ఒక్క ప్రాణం పోలేదు. మరుసటి ఏడాది, 1854 డిసెంబరు 3న, బల్లారాట్‌లో యురేకా దగ్గర నెత్తురు కారింది. లోకం యురేకాను గుర్తు పెట్టుకుంది, మంచిదే. కానీ నెత్తురు చిందకుండా నిలబడిన బెండిగో వాళ్లను కూడా అంతే గుర్తు పెట్టుకోవాలని నేను అంటాను. రెండూ కలిసే 1855లో మార్పు తెచ్చినాయి. నెలవారీ లైసెన్సు పోయి, ఏడాదికి ఒక పౌండు కట్టే హక్కు పత్రం వచ్చింది. దాంతో ఓటు వచ్చింది. ఇంకొకటి కూడా వచ్చింది, దాన్ని మనసులో పెట్టుకోండి, మళ్లీ వస్తాను దాని దగ్గరికి. ఆ పత్రం ఉన్న పనివాడు చిన్న జాగాలో ఇల్లు కట్టుకుని ఉండొచ్చు.

అయితే ఈ హక్కుల ముచ్చటలో చీనావాళ్లు లేరు. అదే 1855లో వాళ్ల మీద తలకు పది పౌండ్ల పన్ను వేసినారు, ఓడలో ఎంతమంది రావాలో కూడా లెక్క కట్టినారు. అప్పుడు వాళ్లు ఏం చేసినారు? విక్టోరియా రేవుల్లో దిగకుండా, పక్క రాష్ట్రంలో రోబ్ అనే చిన్న రేవులో దిగినారు. అక్కడి నుంచి నడక. నాలుగొందల కిలోమీటర్ల పైన, భుజాన కావడి, ఒకరి వెనక ఒకరు వరస కట్టి. 1857లో ఆ ఒక్క రేవులోనే వేలకు వేలు దిగినారు. నీళ్లు లేని చోట్ల వాళ్లు తవ్వుకున్న బావులు ఇప్పటికీ చూపిస్తారు. ఇంత దూరం నడిచి వచ్చి ఈ ఊరికి పెట్టిన పేరు ఏందో తెలుసా? దాయ్ గమ్ సాన్. పెద్ద బంగారు కొండ అని.

ఆ తర్వాత వాళ్లు చేసిన పని నాకు ఎంతసేపు తలచుకున్నా తనివి తీరదు. ఊరి ఆసుపత్రికి, దిక్కులేనివాళ్ల ఆశ్రమానికి డబ్బు కోసం 1871లో ఈస్టరు తిరునాళ్లు మొదలైంది. కొన్నేళ్లకు చీనావాళ్లు కూడా ఊరేగింపులో చేరినారు. చీనా నుంచి పట్టు వస్త్రాలు, వాయిద్యాలు, జెండాలు తెప్పించినారు, డ్రాగన్‌ను తెప్పించినారు. తల మీద పన్ను వేసిన ఊరికి ఆసుపత్రి నడపడానికి డ్రాగన్‌ను ఆడించినారు. లూంగ్ అని ఆ పాత డ్రాగన్‌ను చూసినారు కదా మ్యూజియంలో, అద్దాల వెనక పడుకుని ఉంటుంది. నూరేళ్లు దాటింది, పొలుసుల మీద చిన్న చిన్న అద్దం ముక్కలు. అది అలిసిపోతే 1970లో సన్ లూంగ్ వచ్చింది, నూరు మీటర్ల పైన పొడుగు. నేను వచ్చిన మరుసటి ఏడాది ఈస్టరుకు దాన్ని మొదటిసారి చూసినాను. కింద యాభై మందికి పైనే కాళ్లు, ఒక్క అడుగు తప్పితే అంతా చిక్కుపడుతుంది. టపాకాయల పొగలో దాని తల మలుపు తిరిగి నా ముందు ఒక్క క్షణం ఆగింది. మోసేవాళ్లలో ఒక తెల్లకుర్రాడు మా క్లాసు వాడు, పొగలోంచి నాకు నమస్కారం పెట్టినాడు. 2019 నుంచి ఇంకో కొత్త డ్రాగన్, దాయ్ గమ్ లూంగ్. దాని పేరులో ఆ నడిచివచ్చినవాళ్లు పెట్టిన ఊరి పేరే ఉంది.

ఇప్పుడు గనిలోకి దిగుదాం. పైపై బంగారం పదేళ్లలో అయిపోయింది. మిగతాదంతా తెల్లరాతిలో ఉంది. ఇక్కడి రాతి పొరలు గుర్రం వీపు మీద జీను వేసినట్టు వంగి ఉంటాయి, జీను వంపులో బంగారం. ఒక జీను కింద ఇంకో జీను, దాని కింద ఇంకొకటి. ఆ సంగతి పట్టుకున్నవాడు జార్జ్ లాన్సెల్, సబ్బులు, కొవ్వొత్తుల పని నుంచి వచ్చినవాడు. ఇంకా కింద ఉంది, ఇంకా కింద ఉంది అని తవ్వించి మహా ధనవంతుడు అయినాడు. పాల్‌మాల్ వీధిలో వాడి విగ్రహం ఉంది. షాఫ్టులు 1,400 మీటర్ల దాకా పోయినాయి, ఆ కాలానికి అది గొప్ప. కోలారులో తర్వాత తర్వాత మూడు కిలోమీటర్లు దాటినారు. మొత్తం మీద బెండిగో నేల ఇచ్చిన బంగారం సుమారు 680 టన్నులు, కోలారు ఇచ్చింది సుమారు 800 టన్నులు. అక్కాచెల్లెళ్ల లాంటి ఊళ్లు.

మేం మొదట అద్దెకు ఉన్న ఇంటి పక్కన ఒక ముసలాయన ఉండేవాడు. మొదటి రాత్రి గోడ అవతల నుంచి దగ్గు వినపడింది. మీ అవ్వ లేచి కూర్చుని నా ముఖం చూసింది. మాట్లాడలేదు ఇద్దరం. అది జలుబు దగ్గు కాదు. పొడి దగ్గు, లోపల గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు, ఊపిరి తీసుకోవడానికి మధ్యలో ఆగి ఆగి వచ్చే దగ్గు. మా నాయనది అదే దగ్గు. కూర్చుని మోకాళ్ల మీద చేతులు ఆనించి తెల్లవార్లూ అలా దగ్గుతా ఉండేవాడు. పక్కింటాయన 1954లో ఆఖరి గనులు మూసేదాకా కిందికి దిగినవాడు. గాలితో కొట్టే డ్రిల్లులు వచ్చినాక రాతి దుమ్ము సన్నగా లేచి ఊపిరితిత్తుల్లో పేరుకునేది. 1907లోనే వాల్టర్ సమ్మన్స్ అనే వైద్యుడు బెండిగో గని కార్మికుల ఊపిరితిత్తుల మీద నివేదిక రాసినాడు. కోలారులో 1940లలో ఏడున్నర వేలమందికి పైగా పరీక్ష చేస్తే నూటికి నలభైకి పైగా అదే జబ్బు తేలింది. మైసూరు సంస్థానం 1940లో దానికి నష్టపరిహారం నియమం పెట్టింది. రాయి తెల్లవాడి ఊపిరి, నల్లవాడి ఊపిరి అని చూడలేదు.

ఒక ఆదివారం ఆయన నన్ను పిలిచి తన రేకు డబ్బా చూపించినాడు, గనిలోకి అన్నం తీసుకుపోయే డబ్బా. మూత అంచు నొక్కుకుపోయి ఉంది, లోపల పేరు గోరుతో గీకినట్టు చెక్కి ఉంది. నేను ఇంట్లోకి పోయి మా నాయన ఇత్తడి బిళ్ల తెచ్చి ఆయన చేతిలో పెట్టినాను. ఆ బిళ్ల మీద నంబరు ఉంది, పేరు లేదు. ఆయన దాన్ని వేలితో తడిమి తడిమి చూసి, నా చేతిలో పెట్టి, నా చెయ్యి అలాగే పట్టుకుని కాసేపు కూర్చున్నాడు.

ఊళ్లో ఆ పెద్ద చర్చి సంగతి అడిగినావు కదా మొన్న. సేక్రెడ్ హార్ట్ కెథెడ్రల్. బాక్‌హాస్ అని జర్మనీ పాదిరి, మన కలకత్తాలో కొన్నేళ్లు పనిచేసి, ఒంట్లో బాగాలేక ఈ దేశానికి వచ్చినాడు. 1852లో బెండిగో గుడారాల మధ్యకు చేరినాడు. తాను పొదుపుగా బతికి, కూడబెట్టిన భూములన్నీ పోతూ పోతూ ఊరి చర్చికి రాసినాడు. ఆ డబ్బుతో 1897లో కట్టడం మొదలుపెట్టి, పైన శిఖరం పూర్తి చేసింది 1977లో. ఆ శిఖరం లేవడం నా కళ్లతో చూసినాను. కట్టమన్నవాడు పోయి తొంభై ఏళ్లు దాటినా, ఊరు ఆ మాట నిలబెట్టుకుంది.

నీళ్ల సంగతి కూడా అంతే. గనుల ఊరికి మంచినీళ్లు లేవు. జోసెఫ్ బ్రాడీ అనే ఇంజినీరు కోలిబాన్ నది నుంచి కాలవ గీసినాడు, యంత్రం లేకుండా, నేల వాలు మీదే నీళ్లు దొర్లి వచ్చేటట్టు. 1877లో నీళ్లు ఊరికి చేరినాయి. మీరు తాగే నీళ్లు ఇప్పటికీ చాలావరకు ఆ ఏర్పాటు నుంచే.

ఇంకొకాయన ముచ్చట కూడా చెప్పాలి. కార్న్‌వాల్ నుంచి వచ్చిన ఒక కుటుంబంలో తండ్రి వచ్చిన కొద్ది నెలలకే జ్వరంతో పోయినాడు, కొడుకు చేతిబిడ్డ. ఆ పిల్లవాడు పదేళ్లకే ఇనుము కరిగించే కొట్టంలో, రాళ్లు దంచే మిల్లులో పనికి పోయినాడు. తర్వాత పత్రికలో చేరి, లా చదివి, జాన్ క్విక్ అనే పెద్ద లాయరు అయినాడు. ఆరు కాలనీలు కలిసి ఒక దేశం కావాలన్న మాట పెద్దమనుషుల విందుల్లో నానుతా ఉంటే, 1893లో కొరోవా అనే ఊళ్లో జరిగిన సభలో నిలబడి, ప్రజలు ఓటేసి పంపిన ప్రతినిధులే రాజ్యాంగం రాయాలని తీర్మానం పెట్టింది ఆయనే. రాబర్ట్ గ్యారన్‌తో కలిసి ఆ రాజ్యాంగానికి ఆయన రాసిన పెద్ద వ్యాఖ్యాన గ్రంథం 1901లో వచ్చింది. మన రాజ్యాంగంలో కేంద్రానికీ రాష్ట్రాలకూ ఉమ్మడి జాబితా ఉంది చూడు, ఆ ఆలోచన ఆస్ట్రేలియా రాజ్యాంగం నుంచి తీసుకున్నదే. బడికి పోవాల్సిన వయసులో బెండిగోలో రాళ్లు దంచిన పిల్లవాడి కష్టం తిరిగి తిరిగి మనదాకా వచ్చింది. అదే 1901లో ఆ కొత్త దేశం చేసిన మొదటి చట్టాల్లో ఒకటి మనలాంటి వాళ్లను రానీయకుండా ఆపే చట్టం. అది కూడా చెప్పకపోతే నేను మీకు సగం కథే చెప్పినట్టు.

ఇదిగో, ఇందాక మనసులో పెట్టుకోమన్న మాట. ఏడాదికి ఒక పౌండు కట్టిన పనివాడు తన జాగాలో ఇల్లు కట్టుకోవచ్చు. ఇల్లు కట్టడానికి డబ్బు కావాలి. 1858లో ఊరివాళ్లు తలా కొంచెం వేసుకుని ఒక గృహనిర్మాణ సంఘం పెట్టుకున్నారు, గుడారాల్లో ఉన్నవాళ్లకు ఇళ్లు కావాలని. ఆ సంఘమే పెరిగి పెరిగి 1995లో బెండిగో బ్యాంకు అయింది. 1998లో, పెద్ద బ్యాంకులు చిన్న ఊళ్లలో శాఖలు మూసేసి పోతా ఉంటే, రూపన్యప్, మిన్యిప్ అనే రెండు గోధుమ పల్లెల వాళ్లు తామే వాటాలు వేసుకుని ఈ బ్యాంకుతో కలిసి శాఖ తెరిచినారు. లాభంలో కొంత ఆ ఊరికే. తర్వాత అలాంటివి వందల్లో వచ్చినాయి. దాని పెద్దాఫీసు ఇప్పటికీ ఈ ఊళ్లోనే ఉంది, మెల్బోర్న్‌కు పోలేదు.

మా ఊళ్లో? 1902లోనే శివనసముద్రం నుంచి కోలారు గనులకు కరెంటు వచ్చింది, దేశంలో ఎక్కడా లేనంత దూరం తీగలు లాగి. కానీ ఆ వెలుగు గనికి, బంగళాలకు. మా తడికెల ఇంట్లో నేను కిరసనాయిలు బుడ్డి ముందే ఎక్కాలు నేర్చుకున్నాను. ఇల్లు మాది కాదు, జాగా మాది కాదు, ఆసుపత్రి మాది కాదు. పని పోతే ఇల్లు పోతుంది. అందుకే 2001 ఫిబ్రవరిలో గని మూసినప్పుడు ఊరికి మిగిలింది దిబ్బలు, మూసిన షాఫ్టులు. మావాళ్ల పిల్లలు పొద్దున చీకటితో రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి రాత్రికి వస్తారు. బెండిగోలో 1954లో ఆఖరి గనులు మూసినప్పుడు మనుషులకు ఇళ్లు ఉన్నాయి, ఆసుపత్రి ఉంది, నీళ్లు ఉన్నాయి, తిరునాళ్లు ఉంది, తాము వేసుకున్న డబ్బు తమ సంఘంలో ఉంది. మావాళ్లు బద్ధకస్తులై కాదు, చేతకానివాళ్లై కాదు. మూడు కిలోమీటర్లు కిందికి దిగినవాళ్లకు చేతకానిది ఏముంటుంది? వాళ్లకు ఒక గజం నేల, ఒక మాట చెప్పే హక్కు ఇవ్వలేదు, అంతే తేడా.

ఈ ఊరు ఎప్పుడూ మంచిగానే ఉందని నేను చెప్పను. 2014లో మసీదుకు కౌన్సిల్ అనుమతి ఇస్తే ఎక్కడెక్కడి నుంచో వచ్చి వీధుల్లో అరిచినారు. మీ అవ్వ ఆ రోజు బజారుకు పోలేదు. కానీ ఊరివాళ్లే వందలమంది పసుపు రంగు కట్టుకుని బయటికి వచ్చి, ఇది అందరి ఊరు అన్నారు. కోర్టులన్నీ తిరిగి 2016లో హైకోర్టు దాకా పోయినా ఆ అనుమతి నిలిచింది. ఊరి పక్క మైయర్స్ ఫ్లాట్‌లో టిబెట్టు పద్ధతి బౌద్ధ స్తూపం లేచింది. అమరావతి స్తూపం ఉన్న సీమ మనది, దాని ముందు నిలబడితే ఇది పరాయి ఊరని నాకు అనిపించదు.

సీసా ఇటు ఇవ్వు పాపా, ముక్కు దిబ్బడగా ఉంది. నీలగిరి తైలం అంటారు దీన్ని మనవాళ్లు. చిన్నప్పుడు మా అమ్మ మరిగే నీళ్లలో రెండు చుక్కలు వేసి దుప్పటి కప్పేది. ఇది ఊటీ కొండల చెట్టని యాభై ఏళ్లు అనుకున్నాను. ఆ చెట్టు ఈ దేశం నుంచి నీలగిరికి పోయింది. ఊరికి ఉత్తరాన హంట్లీ వైపు, వాయవ్యాన ఇంగిల్‌వుడ్ వైపు పొట్టి మల్లీ చెట్ల ఆకు కోసి ఆవిరి పట్టి నూనె తీస్తారు, నూరేళ్లకు పైగా. మొదటిసారి ఆ ఆవిరి వాసన తగిలినప్పుడు మా అమ్మ దుప్పటి లోపల ఉన్నట్టే అయింది.

నిప్పు తగ్గింది, నిద్రకు పోండి ఇక. ఒక్కమాట మాత్రం మీకు, మీతో పాటు ఇది చదివే తెలుగు ఇళ్లన్నింటికీ. ఆ అర్జీ మీద 5,000 మంది పేర్లు మిగిలినాయి కాబట్టి వాళ్ల మునిమనవలు ఈరోజు వేలు పెట్టి, ఇదిగో మా తాత అని చూపించుకుంటున్నారు. మా నాయనకు బిళ్ల మీద నంబరే ఉంది. చిత్తూరు, కోలారు, కుప్పం, పలమనేరు పక్క ఊళ్ల నుంచి గనికి పోయిన పెద్దోళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఇంకా ఉంటే, ఈ వారమే వాళ్ల దగ్గర కూర్చోండి. పేరు, పుట్టిన ఊరు, ఏ షాఫ్టులో దిగినారు, ఏ ఏడు దిగినారు, ఎవరితో దిగినారు, అన్నీ అడిగి రాసి పెట్టండి.